అడ్వాన్సుల సీటు ఆడవాళ్లకు ఎందుకు దక్కదు?

పడమట ఆఫీసరు (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో స్కేల్ వన్ (అధికారుల్లో తొలి మెట్టు) అధికారిణిని. చేరిన నాటి నుంచి నన్ను కౌంటర్ల పర్యవేక్షణ, డిపాజిట్లు, లాకర్లు, పెన్షన్లు, కె.వై.సి. పనుల్లోనే తిప్పుతున్నారు. నా బ్యాచ్‌లోనే వచ్చిన ఇద్దరు మగ అధికారులు మొదటి ఏడాది పూర్తి కాకముందే అడ్వాన్సుల (అంటే అప్పుల) సీటులో కూర్చుని అప్పు ప్రపోజళ్లు రాయడం, స్థలాల పరిశీలనకు వెళ్లడం, పార్టీలతో (అప్పు తీసుకునేవారితో) మాట్లాడడం నేర్చుకున్నారు. త్వరలో స్కేల్ టూ ఇంటర్వ్యూ ఉంది. అక్కడ అడిగేది వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజువారీ నడవడానికి కావాల్సిన సొమ్ము) గురించి, డ్రాయింగ్ పవర్ (సరుకు వగైరా విలువను బట్టి ఎంత అప్పు వాడుకోవచ్చన్న లెక్క) గురించి, మొండి బాకీల గురించి. పుస్తకంలో చదివింది చెప్పగలను గానీ "మీరు స్వయంగా చూసిన ఖాతా ఒకటి చెప్పండి" అంటే నా దగ్గర జవాబు లేదు.

మా మేనేజరు గారు మంచివారే. ఒకసారి అడిగితే, "లోన్లంటే తిరుగుడు ఎక్కువమ్మా, ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా, సాయంత్రాలు ఆలస్యమైతే నీకే ఇబ్బంది" అన్నారు. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో, ఆప్యాయంగా అనేసరికి నోరు పెగలలేదు. అయితే క్యాష్ తాళాల్లో ఒక జత నా దగ్గరే ఉంటుంది. సాయంత్రం లెక్క సరిపోయి స్ట్రాంగ్ రూము మూసేదాకా నేను కదలడానికి వీల్లేదు. అడ్వాన్సుల సీటులోని అబ్బాయి ఆరింటికి వెళ్లిపోయిన రోజున కూడా ఏడున్నర దాకా నేను శాఖలోనే ఉంటాను. ఆ ఆలస్యం మాత్రం ఎవరికీ కనిపించదు. అడ్వాన్సుల సీటు కావాలని ఇప్పుడే రాతపూర్వకంగా అడగడం మేలా, లేక ప్రమోషన్ వచ్చాక కొత్త చోట అడగడం మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సత్యనారాయణపురం విశ్రాంత బ్యాంకరు (విజయవాడ)

అమ్మా, నేను చీఫ్ మేనేజరుగా పదవీ విరమణ చేశాను. అటువైపు కుర్చీలో కూర్చున్నవాడిగా, పైకి చెప్పని కారణాలు రెండు చెబుతాను.

మొదటిది మోటారు సైకిలు. నవ్వకండి. ఊళ్లో శాఖలకు కారు ఉండదు. పొలం చూడడానికో, గోడౌను చూడడానికో, బాకీ వసూలుకో మేనేజరు బయలుదేరితే వెనక సీటు మీద కుర్రవాడిని ఎక్కించుకుని వెళతాడు. దారిలో ఆ కుర్రవాడు పార్టీ చరిత్ర అంతా వింటాడు, ఎవరి మాట నమ్మాలో, ఎవరి తూకం నమ్మకూడదో నేర్చుకుంటాడు. అధికారిణిని తీసుకువెళ్లాలంటే కారు మాట్లాడాలి, ఆ ఖర్చు ఎవరు పాస్ చేస్తారో తెలియదు, పైగా ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అంటారేమోనని ఆయనకు జంకు. ఎవరూ కుట్ర చేసి ఆడపిల్లను పక్కన పెట్టరు. వెనక సీటు మీదే సగం శిక్షణ జరిగిపోతుంది, ఆ సీటు ఆమెకు దొరకదు.

రెండవది స్టాఫ్ అకౌంటబిలిటీ. అప్పు 90 రోజులు దాటి బకాయి పడితే ఎన్.పి.ఏ. (మొండి బాకీ) అవుతుంది, ఇచ్చిన కొద్ది కాలానికే అలా మునిగితే మంజూరుకు ముందు పరిశీలనకు ఎవరు వెళ్లారు, నివేదిక మీద ఎవరు సంతకం పెట్టారు అని విచారణ వస్తుంది. ఛార్జిషీటు పడితే ప్రమోషన్ ఆగుతుంది, ఒక్కోసారి పెన్షన్ దాకా వస్తుంది. "పాపం, ఆ అమ్మాయిని ఎందుకు ఇరికించడం" అని నాతోటి మేనేజర్లు నిజంగానే అనేవారు. ఆ జాలి ఖరీదు మాత్రం ఆమె స్కేల్ త్రీ దగ్గర చెల్లిస్తుంది. పెద్ద శాఖకు హెడ్‌ను వెతికేటప్పుడు క్రెడిట్ అనుభవం ఉన్నవారి పేర్లే ముందు చూస్తారు, ఆ జాబితాలో ఆడవారు ఇద్దరో ముగ్గురో తేలుతారు, వెంటనే "అర్హులు లేరు" అనేస్తారు.

ఇక మీ ప్రశ్నకు: ఇప్పుడే అడగండి, రాసి అడగండి. ఒకే సీటులో ఒకరిని ఏళ్ల తరబడి ఉంచకూడదన్న రొటేషన్ నియమం ప్రతి బ్యాంకులోనూ ఉంది. అది మోసాలు జరగకుండా పెట్టిన నియమమే అయినా మీకు పనికొస్తుంది. "వివక్ష" అన్న మాట రాయకండి. "రొటేషన్ ప్రకారం అడ్వాన్సుల విభాగంలో పనిచేసే అవకాశం కోరుతున్నాను" అని రాస్తే చాలు, కాదనాలంటే ఆయన కారణం రాయాల్సి వస్తుంది.

అరండల్‌పేట వాసి (గుంటూరు)

నేనూ బ్యాంకు ఉద్యోగినే. అందరికీ నచ్చకపోవచ్చు గానీ ఒక మాట అనక తప్పదు. మా శాఖలో క్లర్కులుగా ఉన్న ఆడవారిలో చాలామంది ఆఫీసరు పరీక్షకు దరఖాస్తే పెట్టరు. ప్రమోషన్ వస్తే బదిలీ వస్తుందని వారే వద్దనుకుంటున్నారు. అడిగినవారికి ఇవ్వకపోతే తప్పు గానీ, అడగనివారి గురించి సంస్థను అనడం ఎంతవరకు సబబు? పైగా ఆడ ఉద్యోగులను భర్త పనిచేసే చోటికి, పెళ్లి కానివారిని తల్లిదండ్రులు ఉండే చోటికి వీలైనంత దగ్గరగా వేయమని 2014లో కేంద్ర ఆర్థిక సేవల విభాగం ప్రభుత్వ బ్యాంకులకు సూచన కూడా పంపింది. ఆ వెసులుబాటు మగవారికి లేదు.

బ్రాడీపేట ఆడిటరు (గుంటూరు)

అరండల్‌పేట వారికి జవాబు చెప్పే ముందు నా సంగతి. నేను ఛార్టర్డ్ అకౌంటెంటును, బ్రాడీపేటలో సొంత ఆఫీసు ఉంది. మన గుంటూరు సి.ఎ. చదువుకు పేరుపడిన ఊరు. కోచింగ్ సెంటర్ల ముందు ఉదయం పూట నిలబడి చూస్తే బయటికి వచ్చే పిల్లల్లో ఆడపిల్లలు ఎంతమంది ఉంటారో మీకే తెలుస్తుంది. పరీక్ష రాసేటప్పుడు లేని తేడా ఆర్టికల్స్‌లో (ఆడిటరు ఆఫీసులో చేసే శిక్షణలో) మొదలవుతుంది. ఏప్రిల్‌లో బ్యాంకు శాఖల ఆడిట్ వస్తే పల్లెటూరి శాఖలకు అబ్బాయిలను పంపుతారు, అమ్మాయిలకు ఆఫీసులో టి.డి.ఎస్. రిటర్నులు, జి.ఎస్.టి. దాఖలు అప్పజెబుతారు. నేను ఆర్టికల్స్ చేసిన ఆఫీసులోనూ ఇంతే. అది చెడ్డ పనేమీ కాదు గానీ, శాఖలో కూర్చుని లోన్ ఫైలు తిప్పి ఈ.సి.లో (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రంలో) తేదీ ఎక్కడ తేడాగా ఉందో పట్టుకునే చూపు రిటర్నులు నింపితే రాదు. అప్పట్లో ఆర్టికల్స్ మూడేళ్లు కాబట్టి మూడో ఏటనైనా గొడవపడి ఆడిట్‌కు వెళ్లగలిగాను. 2023 జూలై నుంచి అది రెండేళ్లకు తగ్గింది. ఇప్పటి పిల్లలు మొదటి ఏప్రిల్‌లోనే అడగకపోతే రెండో ఏప్రిల్ దాటేసరికి ఆర్టికల్స్ అయిపోతాయి.

1933లోనే మద్రాసులో ఆర్. శివభోగం అకౌంటెన్సీ పరీక్ష నెగ్గి మన దేశంలో ఈ వృత్తిలోకి వచ్చిన మొట్టమొదటి మహిళ అయ్యారు. ఆ తరువాత ఇన్నేళ్లకు కూడా నా ఆఫీసుకు వచ్చే కొందరు క్లయింట్లు తలుపు దగ్గర నిలబడి "ఆడిటరు గారు ఉన్నారా అమ్మా" అని నన్నే అడుగుతారు. లోపల వేరే ఎవరో ఉన్నారనుకుంటారు. మొదట్లో మనసు కష్టపెట్టుకునేదాన్ని. ఇప్పుడు కూర్చోమని ఫైలు అందుకుంటాను.

ఇప్పుడు "ఆడవారే అడగరు" అన్నదానికి. ప్రమోషన్‌తో పాటు వచ్చే బదిలీ మొగుడికి వస్తే సంసారం మొత్తం కదులుతుంది, పిల్లల బడి మారుతుంది, అత్తమామలు కూడా సర్దుకుంటారు. పెళ్లానికి వస్తే ఆమె ఒక్కతే సూట్‌కేసు పట్టుకుని వెళ్లాలి, లేదా ప్రమోషన్ వదులుకోవాలి. దీన్ని "ఇష్టం లేక వద్దనుకుంది" అని రికార్డులో రాస్తారు. 2014 సూచన మంచిదే, కాదనను. కానీ అది సూచనే; పైగా "దగ్గర పోస్టింగు ఇచ్చాం కదా, మళ్లీ సీటు కూడా మీరే ఎంచుకుంటారా" అని దాన్నే ఎదురు వాడిన సందర్భాలు నా క్లయింట్ల నోట విన్నాను.

సత్యనారాయణపురం విశ్రాంత బ్యాంకరు

ఆడిటరు గారి మాట అక్షరాలా నిజం. ఒక చిన్న చేర్పు. స్టేట్ బ్యాంకుకు 2013లో తొలి మహిళా ఛైర్మన్ అయిన అరుంధతీ భట్టాచార్య 1977లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరినవారు. అంతకు ముందే 2000లో, నష్టాల్లో కూరుకుపోయిన ఇండియన్ బ్యాంకు పగ్గాలు రంజనా కుమార్‌కు ఇచ్చారు, బ్యాంకును ఆవిడ లాభాల్లోకి తెచ్చారు. పై మెట్టు మీద ఇలాంటి పేర్లు చెప్పుకోవడానికి ఉన్నాయి. నన్ను అడిగితే స్కేల్ టూ నుంచి స్కేల్ ఫోర్ దాకా ఉన్న మెట్లే అసలు సమస్య, అక్కడే ఖాళీ కనిపిస్తుంది. భట్టాచార్య గారి హయాంలో ఆడ ఉద్యోగులకు పిల్లల కోసం, ఇంట్లో పెద్దవారి కోసం రెండేళ్ల దాకా సెలవు తీసుకుని తిరిగి వచ్చే వీలు తెచ్చారు. అది ఆ మధ్య మెట్ల కోసం చేసిన పనే.

యార్డు గుమాస్తా (గుంటూరు)

నేను బ్యాంకు మనిషిని కాదు, మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి, దానికి స్టోరేజీ వారిచ్చే బాండ్ల మీద బ్యాంకు అప్పులు తీసుకోవడం మా వ్యాపారంలో మామూలు. అధికారిణులు తనిఖీకి వస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి చెప్పాలనిపించింది.

కొన్నేళ్ల కిందట ఒక ఫీల్డ్ ఆఫీసరు మేడమ్ గారు స్టాకు చూడడానికి వచ్చారు. సరుకు మాది కాదు, మా పక్క చాంబరు పార్టీది. ఆయన కుర్చీ వేయించి, కూల్ డ్రింకు తెప్పించి, "లోపల చలి, మిర్చి ఘాటు, మీరు తట్టుకోలేరు మేడమ్, మా వాడు లెక్క తెస్తాడు, మీరు సంతకం పెట్టండి" అన్నాడు. ఆవిడ సంచిలోంచి శాలువా తీసి కప్పుకుని, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని మెట్లెక్కారు. బయట మండుటెండ, లోపల వణుకు పుట్టే చలి. టిక్కీల (మిర్చి బస్తాల) వరస ముందు నిలబడి అడ్డం ఎన్ని, నిలువు ఎన్ని, లోతు ఎన్ని అని లెక్క వేసుకున్నాక, హమాలీని పిలిచి మధ్యలోంచి రెండు టిక్కీలు లాగించారు. వెనకాల ఖాళీ! ముందు గోడలా పేర్చి లోపల బోలుగా వదిలేశారు. తరువాత ఒక టిక్కీ మూతి విప్పించి కాయ అరచేతిలో పోసుకుని చూశారు. బాండు మీద తేజ (మేలు రకం) అని ఉంది, టిక్కీలో తాలు (నాసి) కాయ ఉంది. ఆవిడ ఒక్క మాట పెద్దగా అనలేదు, లాటు నంబర్లు రాసుకుని దిగిపోయారు. అంతకు ముందు ఏళ్లలో మోటారు సైకిలు మీద వచ్చిన సార్లు ఎవరూ ఆ మెట్లు ఎక్కగా నేను చూడలేదు. ఆ తరువాత ఆవిడ వస్తున్నారంటే స్టోరేజీలో అందరూ ముందు రోజే సర్దుకునేవారు. మేడమ్ గారు, మీరు అడగండి, ఆ సీటులో కూర్చోండి.

పేరు వద్దు (గవర్నర్‌పేట)

పై ఉత్తరాలు చాలావరకు ప్రభుత్వ బ్యాంకుల గురించే. నేను బంగారం మీద అప్పులిచ్చే ఒక ప్రైవేటు సంస్థలో పనిచేశాను; అక్కడ రొటేషన్ లేదు, యూనియన్ లేదు. కౌంటరు మీద ఆడవాళ్లనే కూర్చోబెడతారు, ఎందుకంటే మంగళసూత్రం తీసి తాకట్టు పెట్టడానికి వచ్చే ఆడమనిషి మరో ఆడమనిషి ముందే నోరు విప్పుతుంది. ఆ నమ్మకం మీద వ్యాపారం నడుస్తుంది, ఏరియా మేనేజర్లు మాత్రం అందరూ మగవారే. ప్రసూతి సెలవు 26 వారాలు చట్టప్రకారం ఇచ్చారు, అది కాదనలేను. కానీ ఏడాది టార్గెట్టును మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు. సెలవు నుంచి వచ్చేసరికి నా పేరు జాబితాలో అట్టడుగున ఉంది, ఇంక్రిమెంట్ ఆ జాబితా చూసే ఇచ్చారు.

ఇంకొక సంగతి, ఫీల్డుకు వెళ్లే చెల్లెళ్లకు. ఖాతాదారు ఇంటికో, దుకాణానికో పని మీద వెళ్లినప్పుడు అక్కడ ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే "అది మన ఆఫీసు కాదు కదా" అని నాతో అన్నారు. అది తప్పు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్లిన చోటు ఏదైనా పనిచేసే చోటే. బయటివారి నుంచి రక్షణ కల్పించాల్సిన బాధ్యత కూడా యజమానిదే. పదిమంది, అంతకు పైగా ఉద్యోగులు ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. ఈ మూడు నెలల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

లబ్బీపేట డిస్ట్రిబ్యూటరు (విజయవాడ)

నేను ఫండ్లు అమ్మేవారు రాయాల్సిన ఎన్.ఐ.ఎస్.ఎం. పరీక్ష పాసై మ్యూచువల్ ఫండ్ల పంపిణీ చేస్తున్నాను. నాకు పై అధికారి లేడు కాబట్టి సీటు గొడవ లేదు, గొడవంతా మార్కెట్టుతోనే. ఈ వ్యాపారంలో పెద్ద ఖాతాలు క్లబ్బుల్లో, సాయంత్రం విందుల్లో, వాకింగ్ ట్రాక్ మీద దొరుకుతాయి; అక్కడ మగవారు మగవారితోనే డబ్బు మాట్లాడతారు. నేను మరో దారి వెతుక్కున్నాను. భర్త పోయాక బీమా సొమ్ము ఒక్కసారిగా చేతికొచ్చి ఏం చేయాలో తెలియని ఆడవారు, జీతం తమదే అయినా పెట్టుబడి నిర్ణయం అన్నయ్యకు వదిలేసిన టీచర్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. వారికి ఓపికగా చెబితే ఇరవై ఏళ్లు నాతోనే ఉంటారు. ఖాతాలు చిన్నవే, నిజమే.

మంగళగిరి సంఘం లీడరు

చెల్లెమ్మా, చదువుకున్నవారి మధ్య నేను రాయవచ్చో లేదో గానీ రాస్తున్నాను. మా పొదుపు సంఘం తరఫున తీర్మానం పుస్తకం పట్టుకుని బ్యాంకుకు వెళ్లేది నేనే. 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించడం మొదలుపెట్టినప్పటి నుంచి మా ఆడవాళ్లు అప్పు తీసుకుంటున్నారు, కిస్తు కడుతున్నారు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు ఎగ్గొట్టే రకం, ఎవరింట్లో మొగుడు తాగి డబ్బు లాక్కుంటాడు అన్నది సంఘంలో కూర్చుని మేమే తేలుస్తాం. బ్యాంకు వారు మా మాట మీద లక్షల రూపాయలు ఇస్తారు. మరి అదే బ్యాంకులో అంత చదువు చదివిన ఆడపిల్లకు అప్పుల సీటు ఇవ్వడానికి వెనకాడడం నాకు విడ్డూరంగా ఉంది.

అరండల్‌పేట వాసి

ఆడిటరు గారు చెప్పిన బదిలీ సంగతి ఒప్పుకుంటాను. మా ఇంట్లో నా బదిలీలకు ఎవరినీ అడగలేదు, అందరూ కదిలారు. కానీ ఒకటి మాత్రం ఇంకా అంటాను. సీటు ఇచ్చాక టార్గెట్టూ ఛార్జిషీటూ అందరికీ ఒకటే కొలతతో ఉండాలి. "మేడమ్ కదా, పోనీలే" అనడం మొదలైతే మళ్లీ మొదటికే వస్తాం.

బ్రాడీపేట ఆడిటరు

అందులో మనకు పేచీ లేదు. ఇక్కడ ఎవరూ పోనీలే అనమని అడగలేదు.

పడమట ఆఫీసరు

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. విశ్రాంత బ్యాంకరు గారు చెప్పిన మాటలతోనే ఉత్తరం రాసి ఇచ్చాను. మేనేజరు గారు చదివి, కాసేపు ఆలోచించి, రీజినల్ ఆఫీసుకు పంపుతామన్నారు. ఈలోగా ఒక తనిఖీకి నన్ను కూడా వెళ్లమన్నారు. మా ఖాతాదారు ఒకాయనకు గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీలోని మిర్చి మీద అప్పు ఉంది. వచ్చే శనివారం వెళ్లాలి. అయితే నివేదిక మీద సంతకం మాత్రం అడ్వాన్సుల సీటులోని అబ్బాయి పెడతాడట. పోట్లాడాలా, ఈసారికి ఊరుకోవాలా?

సత్యనారాయణపురం విశ్రాంత బ్యాంకరు

ఊరుకోవద్దు. లెక్కించినవారే సంతకం పెట్టాలి. ఇది హక్కు కోసం మాత్రమే కాదు, బ్యాంకు పద్ధతి కూడా అదే. ఇద్దరూ వెళితే ఇద్దరి సంతకాలూ ఉండాలని మర్యాదగా చెప్పండి. నివేదికలో తేదీ, వేళ, చాంబరు, లాటు నంబర్లు, విప్పి చూసిన టిక్కీలు ఎన్ని, ఆ రోజు యార్డు ధర ఎంత అన్నవి రాయండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి, రేపు ఇంటర్వ్యూలో "మీరు చూసిన ఖాతా" అని అడిగితే అదే మీ జవాబు. ఇంకొకటి, మీరు చూడని సరుకు నివేదిక మీద ఎవరు బతిమాలినా సంతకం పెట్టవద్దు. ఈ సీటులో అలాంటి బతిమాలింపులు తప్పవు.

యార్డు గుమాస్తా

మేడమ్ గారు, శనివారం వద్దు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు, ఆ రోజు ధర దొరకదు, టిక్కీలు లాగడానికి హమాలీలు ఉంటారన్న నమ్మకమూ లేదు. "మనుషులు లేరండీ, పైపైన చూసి వెళ్లండి" అనడానికి పార్టీకి అదొక సాకు అవుతుంది. శుక్రవారం ఉదయమే పెట్టించుకోండి. శాలువా మర్చిపోకండి.